ఖాళీ నెలను లెక్కించాకే అద్దె ఇల్లు

గల్ఫ్‌లో పదేళ్లో పదిహేనేళ్లో పనిచేసి స్వదేశానికి తిరిగివచ్చే సోదరుని ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది: కూడబెట్టిన ఈ సొమ్మును ఏం చేయాలి? ఆత్మీయులు చెప్పే సమాధానం కూడా సాధారణంగా ఒక్కటే: “ఒక ఫ్లాట్ కొని అద్దెకిచ్చేయండి భాయ్, నెలనెలా ఇంటి ఖర్చు వెళ్లిపోతుంది.” సలహా చెడ్డది కాదు. అద్దె ధర్మసమ్మతమైన ఆదాయమే. అయితే ఆ అద్దెపైనే పొయ్యి వెలగాలనుకునే కుటుంబం కొనడానికి ముందే కొన్ని లెక్కలు వేసుకోవాలి. వాటిలో చాలామంది మరచిపోయేది ఇల్లు ఖాళీగా ఉండే నెల.

ఉదాహరణకు 60 లక్షల రూపాయల ఫ్లాటుకు నెలకు 18 వేల అద్దె వస్తుందనుకుందాం. ఏడాదికి 2,16,000, అంటే 3.6 శాతం రాబడి. మధ్యవర్తి చెప్పే లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. కాని స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ రుసుములు కలిపి సుమారు 7.5 శాతం, అంటే మరో నాలుగున్నర లక్షలు చెల్లించాలి. రంగులకూ విద్యుత్ పనులకూ 50 వేలు వేసుకుంటే పెట్టుబడి 65 లక్షలకు చేరుతుంది. ఏడాదిలో ఒక్క నెల ఇల్లు ఖాళీగా ఉన్నా వచ్చే అద్దె 1,98,000 మాత్రమే. ఆస్తి పన్ను, మరమ్మతులు, ఖాళీ నెలలో మనమే కట్టవలసిన మెయింటెనెన్స్ కలిపి 28 వేలు పోతే మిగిలేది 1,70,000. అంటే నెలకు 14 వేల చిల్లర, రాబడి 2.6 శాతం. 18 వేలపై ఆశపెట్టుకున్న ఇల్లాలికి ఈ తేడా పిల్లల ఫీజుల దగ్గర తెలుస్తుంది.

తక్కువైన సొమ్ముకు బ్యాంకు రుణం ఉందిగా అంటారు కొందరు. 40 లక్షలు 8.5 శాతం వడ్డీపై 20 ఏళ్లకు తీసుకుంటే నెలసరి వాయిదా 34,700 రూపాయలు దాటుతుంది. వచ్చే అద్దె అందులో సగానికి కాస్త ఎక్కువ. వడ్డీ మనకు ఎలాగూ నిషిద్ధం. ఇక్కడ లెక్క కూడా ధర్మం పక్షానే నిలుస్తోంది. కనుక చేతనున్న సొమ్ముకు సరిపడే చిన్న ఇంటితో మొదలుపెట్టడం మేలు. రెండు పోర్షన్లున్న ఇల్లు దొరికితే ఒకటి ఖాళీ అయినా రెండవది ఆదుకుంటుంది. ఏది కొన్నా, ఆరు నెలల ఇంటి ఖర్చును విడిగా ఉంచి, మిగిలిన దానితోనే కొనాలి.

ఇక పత్రాల సంగతి. ముప్పై ఏళ్ల లింకు దస్తావేజులు, ఇ.సి., భవన నిర్మాణ అనుమతి న్యాయవాదికి చూపించాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింద ఉన్న నిషేధిత భూముల జాబితాను కూడా పరిశీలించాలి. ప్రభుత్వ, దేవాదాయ భూములతోపాటు వక్ఫ్ భూములూ అందులో ఉంటాయి. తెలియక వక్ఫ్ స్థలంలో ఇల్లు కొంటే సొమ్ముకూ నష్టం, మనసుకూ క్షోభ.

విదేశంలో ఉండగా తమ్ముని ఒక్కని పేరున కొని, తర్వాత మార్చుకుందామనుకోవడం ప్రమాదకరం. అది 1988 నాటి బినామీ చట్టం పరిధిలోకి రావచ్చు. రేపు వారసత్వ పంపకం నాడు అన్నదమ్ముల మధ్య చిచ్చూ పెట్టవచ్చు. సొమ్ము ఎవరిదో దస్తావేజు వారి పేరునే ఉండాలి. పనులు చూసే వారికి అధికార పత్రం ఇస్తే సరిపోతుంది.

అద్దెకు ఇచ్చేటప్పుడు ఎంత దగ్గరివారైనా ఒప్పందం వ్రాతపూర్వకంగా ఉండాలి. ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. పదకొండు నెలల ఒప్పందాలు వాడుకలోకి రావడానికి కారణమదే. అద్దె పెంపు ఎంత, మరమ్మతులు ఎవరివి, ఖాళీ చేయడానికి గడువెంత అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. అద్దెదారు ఇచ్చే అడ్వాన్సు మన ఆదాయం కాదు, అమానత్. దానిని పెళ్లి ఖర్చుకో బండి కొనడానికో వాడేసి, అతడు ఇల్లు విడిచే రోజున వాయిదాలు చెప్పడం తగదు. కొత్త చోట అడ్వాన్సు కట్టడానికి అతడు నమ్ముకున్నది ఆ సొమ్మునే.

అద్దె ఆదాయపు పన్ను పరిధిలోకి వస్తుంది. అయితే చెల్లించిన ఆస్తి పన్నును తీసివేసిన మొత్తంలో 30 శాతం మినహాయింపు ఉంది. జకాత్ విషయానికి వస్తే, అద్దెకిచ్చిన ఇంటి విలువపై జకాత్ లేదనీ, మిగిలిన అద్దె సొమ్ము ఇతర పొదుపుతో కలిసి నిసాబ్‌కు చేరి చాంద్రమాన సంవత్సరం గడిస్తే 2.5 శాతం చెల్లించాలనీ అత్యధిక ధర్మవేత్తల అభిప్రాయం.

బయానా ఇవ్వడానికి ముందు భార్యాభర్తలు ఒక సాయంత్రం కూర్చొని ఈ లెక్కలన్నీ కాగితంపై వేసుకోవాలి. రెండు నెలలు అద్దె రాకపోయినా ఇంట్లో ఎవరి దగ్గరా చేయి చాచవలసిన పని లేదని ఆ కాగితం చెబితే నిశ్చింతగా ముందడుగు వేయవచ్చు. చెప్పకపోతే మరో ఏడాది ఆగడంలో నష్టం లేదు.