బట్టమేకపిట్ట - మెట్టచేలు

రాయలసీమ మెట్టభూములయందు తిరుగాడిన పక్షులలో బట్టమేకపిట్ట మిక్కిలి పెద్దది. మగపక్షి సుమారు ఒక మీటరు ఎత్తు పెరుగును. బరువు 15 కిలోగ్రాముల వరకు ఉండును. ఇంత బరువుతో ఎగురగల పక్షులు లోకమున కొలదిగా మాత్రమే కలవు. ఇది దట్టమైన అడవులలో నివసింపదు. నలుదిక్కులకు చూపు సాగు పచ్చికబయళ్లే దీనికి ఇల్లు.

దీని బ్రతుకు రైతు బ్రతుకుతో ముడిపడియున్నది. వానకు పండు జొన్న, కొఱ్ఱ, వేరుసెనగ చేలలో దీనికి మిడుతలు, పెంకుపురుగులు, తొండలు దొరకును. కోతల పిదప రాలిన గింజలును, కాయలును ఆహారమగును. ఆడపక్షి గూడు కట్టదు. సాధారణముగా నేలపై ఒక్క గ్రుడ్డు పెట్టి, దాదాపు నాలుగు వారములు పొదుగును. అప్పుడు పశువుల త్రొక్కిడియు, కుక్కల బెడదయు ఉండరాదు. మెట్టరైతు ఏటికొక పంట వేసి, కొంత నేలను బీడుగా విడిచెడివాడు. అందుచే పక్షికి చేనిలో తిండియు, బీటిలో మఱుగును లభించెడివి.

నేటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడులో ఈ పక్షుల రక్షణకై 1988లో అభయారణ్యము ఏర్పడెను. దాని విస్తీర్ణము సుమారు 600 హెక్టార్లు మాత్రమే. పక్షి కంచెను ఎఱుగదు. మేతకై చుట్టుప్రక్కల చేలకు పోయెడిది. కాలక్రమమున ఆ ప్రాంతమునకు కాలువనీరు వచ్చెను. బీళ్లు సాగులోనికి వచ్చెను. చిరుధాన్యములు తగ్గి, ప్రత్తి మొదలగు వాణిజ్యపు పంటలు పెరిగెను. పురుగుమందుల వాడుకతో పక్షికి తిండియైన పురుగులు నశించెను. కంచెలోపల గడ్డి నిలిచినను, వెలుపలి నేల మారిపోయెను. పక్షులు క్రమముగా తగ్గి, తుదకు అచ్చట కనుమఱుగయ్యెను.

నేడు దేశమున మిగిలిన పక్షులు 200కు లోపే. వానిలో అధికభాగము రాజస్థానములోని థార్ ఎడారియందున్నవి. ఎదుటి వస్తువులను చక్కగా చూడజాలని ఈ పక్షులు అచ్చట విద్యుత్తు తీగలను ఢీకొని మరణించుచున్నవి. 2019లో గ్రుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను పెంచు ప్రయత్నము ఆ రాష్ట్రమున ప్రారంభమయ్యెను.

కరవునేలకు నీరు కోరిన రైతును తప్పుపట్టరాదు. అతనికి నష్టము కలుగని రీతిని కొంత మెట్టపంటను, కొంత బీటిని నిలుపుట ప్రభుత్వమునకును, ప్రజలకును కర్తవ్యము. ఎన్ని పిల్లలను పెంచినను, విడిచిపెట్టుటకు తగిన నేల లేనిచో ఆ శ్రమ ఫలింపదు.