పెట్రోలు కారు మోటారు సైకిలు: కారణములు, నివారణోపాయములు

గ్రామములలో నేడు మోటారు సైకిలు విలాస వస్తువు కాదు. ఎరువు బస్తా పొలమునకు చేర్చుటకు, పాలు కేంద్రమునకు కొనిపోవుటకు, అర్ధరాత్రి వేళ రోగిని ఆరోగ్య కేంద్రమునకు తీసికొని పోవుటకు అదియే ఆధారము. అట్టి బండి క్రింద ప్రతి ఉదయము ఒక తడిమచ్చ కనిపించినను పలువురు లెక్కచేయరు. అది పెట్రోలు మచ్చ అయినచో ఉపేక్షింపరాదు. దానివలన కలుగునది ధననష్టము మాత్రమే కాదు. ఇల్లు కాలుటకు కూడ అది కారణము కాగలదు.

మలక్‌పేట పలకలు

హైదరాబాదులోని మలక్‌పేట మన రైతులకు క్రొత్త పేరు కాదు. మిరప, ఉల్లి అమ్ముకొనుటకు అచ్చటి మహబూబ్ మాన్షన్ మార్కెట్టుకు పోయినవారు ఎందరో కలరు. నగరపు తూర్పు మండలమునకు చెందిన రవాణా కార్యాలయము కూడ మలక్‌పేటదే. అచ్చట నమోదైన బండ్లకు రాష్ట్ర విభజనకు పూర్వము ఏపీ 11, 2014 తరువాత టీఎస్ 11, 2024 మార్చి నుండి టీజీ 11 అను గుర్తులు వచ్చినవి. నగరములో కొన్నేండ్లు తిరిగిన బండ్లు చేతులు మారి గ్రామములకు వచ్చుట అందరెరిగినదే.

ఈ పలక చూచి కొనువారు ఒక సంగతి గ్రహింపవచ్చును. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 నిబంధనలు అమలులోనికి వచ్చినవి. అప్పటినుండి క్రొత్త మోటారు సైకిళ్ళలో దాదాపు అన్నిటికి కార్బ్యురేటరు పోయి, పంపు ద్వారా పెట్రోలును చిమ్ము పద్ధతి వచ్చినది. కనుక ఏపీ పలక గల పాత బండికి సాధారణముగా కార్బ్యురేటరే ఉండును. టీఎస్ పలక గల బండ్లలో రెండు రకములును కలవు. ఇచట చెప్పునది కార్బ్యురేటరు బండ్లను గురించియే.

అది పనిచేయు విధము

పంచాయతీ సభ్యులకు మంచినీటి ట్యాంకు సంగతి బాగుగా తెలియును. నీరు నిండగానే తేలు బంతి పైకి లేచి కుళాయిని మూయును. నీరు తగ్గగానే బంతి దిగి కుళాయి తెరచుకొనును. కార్బ్యురేటరు అడుగున ఉన్న చిన్న గిన్నెలో జరుగునదియు ఇదియే. బంతికి బదులు ఫ్లోటు, కుళాయికి బదులు చిన్న సూది వంటి నీడిల్ ఉండును. నీడిల్ తన రంధ్రమును గట్టిగా మూయనిచో పెట్రోలు గిన్నె నిండి, పొర్లు గొట్టము గుండా నేల మీదికి కారును. పెట్రోలు ట్యాంకు పైన ఉండుటచేత, ఇంజను ఆగియున్నను కుళాయి తెరచియున్నంతవరకు ఈ కారుట ఆగదు.

ముందుగా జాగ్రత్త

ఇంజను ఆపి, ట్యాంకు క్రింది కుళాయి మూసి, బండిని ఆరుబయటికి తేవలెను. ఇంజను చల్లారు వరకు వేచియుండవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలబారున ప్రాకి, దూరమున ఉన్న పొయ్యిని కూడ చేరగలదు. కావున సమీపమున బీడి, దీపము, పొయ్యి ఉండరాదు. ఒక బకెట్టు పొడి ఇసుక దగ్గర ఉంచుకొనవలెను. మండుచున్న పెట్రోలుపై నీరు పోయరాదు; పెట్రోలు నీటిపై తేలి మంటను మరింత దూరము వ్యాపింపజేయును.

ఎచ్చట కారుచున్నది?

పొడి గుడ్డతో కార్బ్యురేటరును శుభ్రముగా తుడిచి, కుళాయి తెరచి, తడి మొదట ఎచ్చట పుట్టునో కనిపెట్టవలెను.

1. కుళాయి నుండి కార్బ్యురేటరుకు వచ్చు గొట్టము తడిసినచో, గొట్టము పగిలినదో క్లిప్పు వదులైనదో చూడవలెను. పగిలిన గొట్టమునకు టేపు చుట్టుట వ్యర్థము; క్రొత్తది వేయవలెను.

2. గిన్నె అతుకు వద్ద తడిసినచో గాస్కెట్టు చెడినదని అర్థము.

3. గిన్నె అడుగు స్క్రూ వద్ద తడిసినచో ఆ స్క్రూ వదులై యుండును, లేదా దాని వాషరు అరిగి యుండును.

4. పొర్లు గొట్టము నుండి కారినచో దోషము ఫ్లోటులోనో నీడిల్‌లోనో కలదు.

ఈ నాలుగవ దోషము తరచుగా కనిపించును. నీడిల్ క్రింద నలుసు చిక్కుకొనుట దీనికి సామాన్య కారణము. స్క్రూడ్రైవరు పిడితో గిన్నెను మెల్లగా రెండు మూడు సార్లు తట్టినచో నలుసు జారి, కారుట ఆగవచ్చును. ఆగనిచో కుళాయి మూసి, అడుగు స్క్రూ వదులు చేసి, గిన్నెలోని పెట్రోలును గాజు సీసాలోనికి దింపవలెను. అడుగున నీటి పొర గాని, తుప్పు గాని కనిపించినచో ట్యాంకును కూడ కడిగించవలెను.

తరువాత గిన్నె విప్పి ఫ్లోటును చెవి వద్ద ఊపి చూడవలెను. లోపల చప్పుడైనచో అది చిల్లుపడి పెట్రోలు త్రాగినది, ఇక తేలదు. నీడిల్ మొనపై చుట్టును గాడి పడినచో మార్చవలెను. రంధ్రములను ఇనుప తీగతో పొడువరాదు, గాలితో ఊదవలెను. స్క్రూలను అతిగా బిగింపరాదు. మెత్తని లోహములో మరలు చెడును.

మరియొక పరీక్ష అత్యవసరము. ఇంజను ఆయిలు మట్టము పెరిగి, పెట్రోలు వాసన వచ్చినచో బండిని స్టార్టు చేయరాదు. పలుచబడిన ఆయిలు ఇంజనును అరగదీయును. ఆయిలు మార్చిన పిదపనే నడపవలెను.

ఇథనాలు సంగతి

పెట్రోలులో ఇథనాలు కలుపుట దేశమున 2022లో 10 శాతమునకు, 2025లో 20 శాతమునకు చేరినది. ఇథనాలు తేమను పీల్చును. దానికై తయారుకాని పాత రబ్బరు భాగములను ఉబ్బించి చెరచును. కనుక పాత బండి కొన్నవారు గొట్టము, గాస్కెట్టు, నీడిల్ ముందుగానే చూపించుకొనుట మేలు. వారముల తరబడి నిలిపి ఉంచదలచినచో గిన్నెలోని పెట్రోలు తీసివేయవలెను.

నష్టమెంత? పంచాయతీ కర్తవ్యమేమి?

కారు చోట సీసా ఉంచి 10 నిమిషములు చూడుడు. 10 మిల్లీలీటర్లు చేరినచో గంటకు 60, కుళాయి మూయక వదలిన దినమునకు 1,440 మిల్లీలీటర్లు. అనగా దాదాపు లీటరున్నర. ఒక నీడిల్ ఖరీదు దీని ముందు స్వల్పము.

గడ్డివాముల వద్ద, వంటయింటి వసారాలలో బండ్లు నిలుపకుండ సభ్యులు ప్రజలకు నచ్చజెప్పవలెను. మరమ్మతు దుకాణముల వారు మురికి పెట్రోలును కాలువలలో, బావుల చెంత పారబోయకుండ చూడవలెను. పంచాయతీ కార్యాలయము వద్ద ఇసుక బకెట్లు ఉంచి, అగ్నిమాపక శాఖ నెంబరు 101 అందరికి కనబడునట్లు వ్రాయించవలెను. రాత్రి బండి నిలుపగానే కుళాయి మూయు అలవాటును సభ్యులే మొదట పాటించినచో గ్రామము వారిని అనుసరించును.