400 పేజీల నోట్స్‌లో పాలిటీ వెంటనే దొరకాలంటే: వర్డ్‌లో థంబ్ ఇండెక్స్ ట్యాబ్స్

ఇవాళ టాపిక్ చిన్నదే, కానీ గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నవాళ్లకి బాగా పనికొస్తుంది. పెద్ద డిక్షనరీల అంచున అక్షరాల వారీగా గుర్తులు ఉంటాయి కదా, బొటనవేలు పెట్టి తెరిస్తే నేరుగా ఆ అక్షరం దగ్గరికే వెళ్తాం. వాటినే థంబ్ ఇండెక్స్ అంటారు. కొన్ని డిక్షనరీల్లో అంచుని అర్ధచంద్రాకారంలో కోస్తారు, కొన్నిట్లో నల్లటి గుర్తు ప్రింట్ చేస్తారు. కోయడం మన వల్ల కాదు. ప్రింట్ చేసేది మాత్రం వర్డ్‌లో మనమే చేసుకోవచ్చు.

హైదరాబాద్‌లో అశోక్ నగర్, చిక్కడపల్లి లైబ్రరీ వైపు వెళ్తే ఎక్కడ చూసినా స్పైరల్ బైండింగ్ నోట్సే. నెలల తరబడి రాసుకున్నది అందులోనే ఉంటుంది. కానీ పరీక్షకి వారం ముందు ఒక ఆర్టికల్ నంబర్ మీద డౌట్ వస్తే పేజీలు తిప్పీ తిప్పీ విసుగొస్తుంది. స్టికీ నోట్స్ అంటిస్తే పది రోజుల్లో ఊడిపోతాయి. అప్పుడు టైమ్ పోయేది చదవడానికి కాదు, వెతకడానికి.

అసలు కిటుకు ఒక్కటే

చాలామంది ఏం చేస్తారంటే, ప్రతి పేజీ మీద ఒక బాక్స్ గీసి పక్కకి జరుపుతారు. తర్వాత మధ్యలో నాలుగు లైన్లు యాడ్ చేయగానే బాక్సులన్నీ చెల్లాచెదురు. ట్యాబ్ ఉండాల్సింది పేజీలో కాదు, హెడర్‌లో. ఒక సెక్షన్ హెడర్‌లో ఏం పెడితే ఆ సెక్షన్‌లో ప్రతి పేజీ మీదా అదే వస్తుంది. అంటే ఒక్కో సబ్జెక్ట్ ఒక్కో సెక్షన్, ఒక్కో సెక్షన్‌కి ఒక్కో హెడర్, ప్రతి హెడర్‌లో ట్యాబ్ కొంచెం కొంచెం కిందికి. అంతే. తర్వాత ఎన్ని పేజీలు పెరిగినా ట్యాబ్ చోటు మారదు.

ముందు లెక్క వేసుకుందాం

తెలంగాణ గ్రూప్-2లో 4 పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, మొత్తం 600. మొదటి పేపర్ జనరల్ స్టడీస్‌ని ఒకటిగా, రెండో పేపర్‌ని మూడుగా, మూడో పేపర్‌ని మూడుగా, నాలుగో పేపర్ తెలంగాణ ఉద్యమాన్ని ఒకటిగా తీసుకుంటే మొత్తం 8 ట్యాబ్స్: జీఎస్, చరిత్ర, పాలిటీ, సొసైటీ, ఇండియా ఎకానమీ, టీజీ ఎకానమీ, డెవలప్‌మెంట్, ఉద్యమం. ఆంధ్రప్రదేశ్ గ్రూప్స్ రాసేవాళ్లు మీ సిలబస్ ప్రకారం మార్చుకోండి.

ఏ4 పేపర్ ఎత్తు 29.7 సెంటీమీటర్లు. పైన 2 వదిలేద్దాం. ఒక్కో ట్యాబ్ ఎత్తు 2.8, మధ్యలో 0.4 ఖాళీ. అంటే ప్రతి ట్యాబ్ ముందుదానికంటే 3.2 సెంటీమీటర్లు కిందికి మొదలవుతుంది. వరసగా 2, 5.2, 8.4, 11.6, 14.8, 18, 21.2, 24.4. ఈ 8 నంబర్లు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మళ్లీ కావాలి.

ఇప్పుడు వర్డ్‌లో

ఈ పని కంప్యూటర్ మీదే చేయండి. టైపింగ్ ఫోన్‌లో చేసుకున్నా పర్లేదు. కవర్ పేజీ, విషయసూచిక వేరే ఫైల్‌లో పెట్టుకుంటే ఇక్కడ గందరగోళం ఉండదు.

ఒకటి. లేఅవుట్‌లో మార్జిన్స్‌కి వెళ్లి మిర్రర్డ్ సెలెక్ట్ చేయండి. లోపలి వైపు 2.5, బయటి వైపు 2.7 సెంటీమీటర్లు ఇవ్వండి. స్పైరల్‌కీ చోటుంటుంది, ట్యాబ్‌కీ చోటుంటుంది.

రెండు. ప్రతి సబ్జెక్ట్ మొదలయ్యే చోట కర్సర్ పెట్టి, లేఅవుట్, బ్రేక్స్, ఆడ్ పేజ్. నెక్స్ట్ పేజ్ వద్దు. ఎందుకంటే అలా ఇస్తే ఒక్కోసారి ఒకే కాగితానికి ముందు వైపు పాలిటీ, వెనక వైపు సొసైటీ పడతాయి.

మూడు. మొదటి పేజీ పైన డబుల్ క్లిక్ చేస్తే హెడర్ ఓపెన్ అవుతుంది. డిఫరెంట్ ఆడ్ అండ్ ఈవెన్ పేజెస్ టిక్ పెట్టండి. డిఫరెంట్ ఫస్ట్ పేజ్‌కి టిక్ ఉంటే తీసేయండి, లేకపోతే ప్రతి సబ్జెక్ట్ మొదటి పేజీకి ట్యాబ్ రాదు.

నాలుగు. హెడర్ ఓపెన్‌లో ఉండగానే ఒక టెక్స్ట్ బాక్స్ పెట్టండి. ఎత్తు 2.8, వెడల్పు 1.7. నలుపు రంగు నింపి, తెల్ల అక్షరాలతో జీఎస్ అని రాసి, టెక్స్ట్ డైరెక్షన్‌లో 90 డిగ్రీలు తిప్పండి. బాక్స్ మీద రైట్ క్లిక్ చేసి మోర్ లేఅవుట్ ఆప్షన్స్‌లో టెక్స్ట్ ర్యాపింగ్‌ని బిహైండ్ టెక్స్ట్ చేయండి. పొజిషన్‌లో అడ్డంగా 18.8, నిలువుగా 2 ఇవ్వండి. రెండు చోట్లా ఆ కొలత దేని నుంచి అని అడుగుతుంది, పేజ్ అనే పెట్టండి. కాలమ్, పేరాగ్రాఫ్ అని ఉంటే మన లెక్క పనిచేయదు. మీ వర్డ్ అంగుళాల్లో చూపిస్తుంటే నంబర్ పక్కన సీఎం అని టైప్ చేయండి, అదే మార్చుకుంటుంది.

ఐదు. ఆ బాక్స్‌ని కాపీ చేసి రెండో పేజీ హెడర్‌లో, అంటే ఈవెన్ హెడర్‌లో పేస్ట్ చేసి, అడ్డం కొలత 0.5 చేయండి, నిలువు 2 ఉందో లేదో చూసుకోండి. వెనక పేజీకి బయటి అంచు ఎడమ వైపు కదా, అందుకు.

ఆరు. ఇప్పుడు మిగతా సెక్షన్లలో కూడా జీఎస్ ట్యాబే కనిపిస్తుంది. కంగారు పడకండి, మనకి కావాల్సింది అదే. రెండో సెక్షన్ హెడర్‌కి వెళ్లి లింక్ టు ప్రీవియస్ ఆఫ్ చేయండి. బాక్స్ కాపీ అక్కడే ఉంటుంది. పేరు చరిత్ర అని మార్చి, నిలువు కొలత 5.2 చేయండి. తర్వాత మూడో సెక్షన్, 8.4. ఇలా ఎనిమిదో సెక్షన్ దాకా.

ఇక్కడ జాగ్రత్త

ఆడ్ హెడర్‌కి లింక్ ఆఫ్ చేస్తే ఈవెన్ హెడర్‌కి ఆఫ్ అయినట్టు కాదు. రెండూ విడివిడిగా చేయాలి. హెడర్ కుడి వైపు సేమ్ యాజ్ ప్రీవియస్ అని చిన్న లేబుల్ కనిపిస్తోందంటే ఇంకా లింక్‌లోనే ఉందని అర్థం. అది పోయాకే బాక్స్ ముట్టుకోండి. లేకపోతే ఇక్కడ మార్చింది వెనక సెక్షన్‌లో కూడా మారిపోతుంది.

జిరాక్స్ షాప్‌లో ఏం చెప్పాలి

సగం మంది పని ఇక్కడే చెడిపోతుంది. మామూలు ప్రింటర్ కాగితం అంచు దాకా ఇంక్ వేయలేదు, చుట్టూ నాలుగైదు మిల్లీమీటర్లు తెల్లగా వదిలేస్తుంది. నలుపు అంచు దాకా రాకపోతే పుస్తకం మూసినప్పుడు గుర్తు కనిపించదు. అందుకే మనం బాక్స్‌ని అంచుకి అర సెంటీమీటర్ ముందే ఆపాం. ప్రింట్ అయ్యాక బయటి అంచున సరిగ్గా 1 సెంటీమీటర్ కట్ చేయించండి. కత్తి నల్లటి బాక్స్ మీదుగా వెళ్తుంది, అంచు దాకా నలుపు వస్తుంది. కట్ అయ్యాక 1.2 సెంటీమీటర్ల ట్యాబ్ మిగులుతుంది. అక్షరాలు తెగకుండా, వాటిని బాక్స్‌లో లోపలి వైపుకి జరిపి పెట్టుకోండి.

షాప్‌కి వర్డ్ ఫైల్ ఇవ్వకండి, పీడీఎఫ్ ఇవ్వండి. వాళ్ల సిస్టమ్‌లో మీ తెలుగు ఫాంట్ లేకపోతే పేజీలన్నీ జరిగిపోతాయి. ప్రింట్ సెట్టింగ్‌లో ఫిట్ కాదు, యాక్చువల్ సైజ్ పెట్టమనండి. రెండు వైపులా ప్రింట్‌కి ఫ్లిప్ ఆన్ లాంగ్ ఎడ్జ్. ముందు కటింగ్, ఆ తర్వాతే స్పైరల్ అని గట్టిగా చెప్పండి.

మొత్తం ప్రింట్ ఇచ్చే ముందు ఒకే ఒక్క కాగితం రెండు వైపులా తీయించి వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. రెండు బాక్సులూ ఒకదాని మీద ఒకటి పడితే ఓకే. ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా ఉన్నా నష్టం లేదు. ఒకటి ఎడమ అంచున, ఇంకోటి కుడి అంచున ఉంటే మాత్రం అక్కడే ఆపించండి. 200 కాగితాల డబ్బులు మిగులుతాయి.

ఇంకో మాట. మరీ నాలుగైదు కాగితాలే ఉన్న చిన్న టాపిక్‌కి విడిగా ట్యాబ్ పెట్టకండి. అంచు మీద సన్నటి గీతలా కనిపిస్తుంది, వేలికి దొరకదు. దాన్ని పక్క సబ్జెక్ట్‌లో కలిపేయండి.

వర్డ్ లేనివాళ్లకి ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ రైటర్ ఉంది. అందులో సెక్షన్ బదులు పేజ్ స్టైల్ అంటారు. 8 పేజ్ స్టైల్స్ చేసుకుని, ఒక్కోదానికి హెడర్ పెట్టండి. మ్యాన్యువల్ బ్రేక్ ఇచ్చేటప్పుడు ఏ స్టైల్ కావాలో సెలెక్ట్ చేస్తే చాలు. కొలతలు ఇవే.

వారం రోజులు వాడాక మీరు ట్యాబ్ మీద పేరు కూడా చదవరు. పాలిటీ అంటే పై నుంచి మూడోది అని వేలికే తెలిసిపోతుంది. పరీక్ష ముందు ఆఖరి వారంలో ఒక్కో నిమిషం ఎంత ముఖ్యమో ప్రిపేర్ అయ్యేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మీ రూమ్‌మేట్ కూడా ప్రిపేర్ అవుతుంటే ఫైల్ ఒకసారి చేసి ఇద్దరూ వాడుకోండి, లోపల నోట్స్ మార్చుకుంటే సరిపోతుంది. ఆల్ ద బెస్ట్ ఫ్రెండ్స్, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.