మీ పిల్లల ఫార్మల్ లెటర్‌కు జవాబు వస్తుందా?



ఈ నెల మీ పిల్లల ఇంగ్లీష్ నోట్సులో ఫార్మల్ లెటర్ పాఠం చూసే ఉంటారు. ఊరి సమస్య మీద అధికారికి ఉత్తరం రాయమంటే క్లాసులో చాలామంది నీళ్ల గురించే రాశారు. ఒక అమ్మాయి లేచి, "టీచర్, నిజంగా పంపితే జవాబిస్తారా?" అని అడిగింది. ఇవ్వక తప్పని పద్ధతి ఒకటుంది. అదే 2005 అక్టోబర్ 12 నుంచి అమల్లో ఉన్న సమాచార హక్కు చట్టం.

మార్కాపురం, గిద్దలూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు కొత్త కాదు. తాగే నీళ్లలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు అనుమతిస్తారు. మరి మీ పిల్లలు తాగే నీళ్లలో ఎంత ఉంది? ఇలా అడగండి.

ఎవరిని: గ్రామీణ నీటి సరఫరా విభాగం ఆఫీసులోని పౌర సమాచార అధికారిని. తప్పు ఆఫీసుకు ఇచ్చినా 5 రోజుల్లో సరైన చోటికి వాళ్లే పంపాలి.

ఎలా: తెల్ల కాగితం మీద తెలుగులోనే రాయొచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. "నీళ్లు ఎందుకు బాగాలేవు?" అని రాయకండి. ఆఫీసులో ఉన్న కాగితాలే ఇస్తారు, సంజాయిషీ ఇవ్వరు. "మా ఊరి బోర్లకు గత రెండేళ్లలో చేసిన నీటి పరీక్షల రిపోర్టుల నకళ్లు ఇవ్వండి" అని రాయండి.

ఫీజు: మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఏమీ లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. నకళ్లకు విడిగా కట్టాలి. అర్జీ ఇచ్చినట్టు రసీదు తప్పక తీసుకోండి.

గడువు: 30 రోజులు. జవాబు రాకపోయినా, సరిగా లేకపోయినా మరో 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయాలి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లాలి. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా వేయగలదు.

ఇది నీళ్లకే కాదు. బోర్డు పరీక్షల్లో దిద్దిన జవాబు పత్రాన్ని విద్యార్థి చూడవచ్చని 2011లో సుప్రీంకోర్టు ఈ చట్టం కిందే చెప్పింది. మాలాంటి ప్రైవేటు స్కూళ్ల విషయానికొస్తే, గుర్తింపు కాగితాలు విద్యాశాఖ దగ్గర, బస్సుల ఫిట్‌నెస్ వివరాలు రవాణా శాఖ దగ్గర ఉంటాయి. వాటినీ అడగొచ్చు. అడిగితే మేమేమీ అనుకోం.

ఈ ఆదివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక అర్జీ రాయించండి. ఫార్మాట్ వాళ్లకు వచ్చు. సంతకం మీరు పెట్టండి.