బానెట్‌కు చీలికలు పెడితే ఇంజిన్ చల్లబడుతుందా?

ఎండలు ముదిరేసరికి టింకరింగ్ షెడ్లలో ఒక కోరిక వినపడుతుంది: బానెట్ మీద నాలుగు చీలికలు కొట్టి ఇంజిన్ వేడి పైకి పోయేలా చెయ్యమని. యాక్సెసరీల కొట్లో దొరికే ప్లాస్టిక్ స్కూపుల సంగతి వేరు. జిగురు టేపుతో అంటించే ఆ ముక్కల కింద రంధ్రమే ఉండదు, కాబట్టి చల్లదనం ఊసే లేదు. రేకు కోసి పెట్టే అసలైన వెంట్లు పనిచేస్తాయా అంటే, పనిచేస్తాయి. కాని ద్రాక్షారామం గుడి వీధిలో ఏసీ వేసుకుని ఆగి ఉన్న కారుకు వాటివల్ల ఒరిగేది తక్కువ. ఎందుకో చూద్దాం.

ఇంధనం కాలితే వచ్చే శక్తిలో దాదాపు మూడో వంతే పనిగా మారుతుంది. ఇంచుమించు మరో మూడో వంతు సైలెన్సర్ గుండా పోతుంది. మిగిలినదాన్ని కూలెంట్ మోసుకొచ్చి రేడియేటర్‌లో దింపాలి, అక్కడి నుంచి గాలి దాన్ని పట్టుకుపోవాలి. ఆ గాలి ముందు గ్రిల్లులోంచి వచ్చి, ఏసీ కండెన్సర్ దాటి, రేడియేటర్ దాటి, ఇంజిన్ చుట్టూ తిరిగి కిందినుంచి బయటపడుతుంది. గాలి ఎంత పారుతుందన్నది రేడియేటర్ ముందూ వెనకా ఉన్న ఒత్తిడి తేడాను బట్టి ఉంటుంది. ముందు ఎంత వెడల్పు నోరు పెట్టినా, వెనక గాలి కదలక నిలిచిపోతే కొత్త గాలి లోపలికి రాదు. అందుకే బానెట్ వెంటుకు అసలు పని చల్లగాలిని లోపలికి తేవడం కాదు, వేడిగాలికి దారి ఇవ్వడం.

ఇక్కడే చాలామంది తడబడతారు. కారు వేగంగా పోతున్నప్పుడు బానెట్ మీద ఒత్తిడి అంతటా ఒకేలా ఉండదు. ముందు అంచు దాటి గాలి వంపు తిరిగేచోట ఒత్తిడి పడిపోతుంది. అద్దం మొదట్లో గాలి కొట్టుకుని పోగవుతుంది కనక అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. క్యాబిన్‌లోకి బయటి గాలి తీసుకునే జాలీని కంపెనీలు సరిగ్గా అద్దం కిందే పెట్టేది అందుకే. బానెట్ వెనక కీళ్ల కింద వాషర్లు వేసి, అద్దం వైపు అంచును కాస్త పైకి లేపే పద్ధతి ఒకటుంది. అది నిలిచి ఉన్నప్పుడు కొంత ఆవిరిని వదులుతుందేమో గాని, హైవే మీద గాలిని లోపలికే తోస్తుంది. వంటింటి పొగగూడు గాలివాటుకు ఎదురుగా పెడితే పొగ ఇంట్లోకే తిరుగుతుంది కదా, ఇదీ అంతే. పైగా కీళ్ల పట్టు సడలుతుంది. నన్నడిగితే ఆ పని ఎవరూ చెయ్యకూడదు.

వేగం లెక్క కూడా చూడాలి. 80 కిలోమీటర్ల వేగంలో కారుకు ఎదురయ్యే గాలి ఒత్తిడి దాదాపు 3 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానం. వేగం సగమై 40కి దిగితే ఒత్తిడి సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే 7, 8 మిల్లీమీటర్లే. రావులపాలెం నుంచి రాజమండ్రికి పెద్ద రోడ్డు మీద దూసుకుపోయే కారుకు వెంటు కొంత పనికొస్తుంది. రామచంద్రపురం వైపు గడ్డి ట్రాక్టరు వెనక పాకుతున్న కారుకు, కార్తీకంలో పంచారామాల యాత్ర వాహనాల వరసలో ఇరుక్కున్న కారుకు గాలి లాగేది ఫ్యాన్ ఒక్కటే. ఆగి ఉన్నప్పుడు వేడిగాలి తేలికై చీలికల్లోంచి పైకి లేస్తుంది నిజమే, ఇంజిన్ కట్టేశాక టర్బో, సైలెన్సర్ మొదలు చుట్టూ ఉన్న వైర్లకూ రబ్బరు గొట్టాలకూ అది మేలే. కాని ఫ్యాన్ రిలే చెడిపోయి ఉంటే ఏ చీలికా ఆదుకోదు.

వేడి ఎక్కువగా చేరేచోట కంపెనీలే చీలికలు పెట్టిన బళ్లు ఎన్నో ఉన్నాయి. మన వెనక ఇంజిన్ ఆటోల డిక్కీ రేకు చూడండి. నానో కారుకు వెనక చక్రాల ముందు పక్కల్లో గాలి రంధ్రాలు ఉండేవి, ఇంజిన్ వెనక ఉంది కనక. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్ బానెట్ మీది చీలికలు అందానికి పెట్టినవి కావు. 2009లో మన దేశానికి వచ్చిన ఫార్చూనర్ 3 లీటర్ల డీజిల్ బానెట్ మీది స్కూపు కథ వేరు. అది వేడిని బయటికి పంపదు, కింద ఉన్న ఇంటర్‌కూలర్‌కు గాలి అందిస్తుంది. అంటే అది లోపలికి దారి, నోరు ముందుకు చూస్తుంది. వెంటు బయటికి దారి, దాని నోరు వెనక్కి చూడాలి. ఈ రెండింటినీ కలగలిపి, రేడియేటర్ వెనక ముందుకు చూసే స్కూపు పెట్టిస్తే బయటికి పోవాల్సిన గాలికి ఎదురు గాలి తోడవుతుంది.

రేకు కోసేముందు రేడియేటర్‌ను చూడాలి. దాళ్వా కోతలప్పుడు మన రోడ్ల మీద ఎగిరే ఊక, గడ్డి నలుసు గ్రిల్లు దాటి కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో పేరుకుంటుంది. ముందునుంచి చూస్తే అంతా శుభ్రంగానే ఉంటుంది, సందులో మాత్రం దళసరిగా అట్టకట్టి ఉంటుంది. దాన్ని ఇంజిన్ వైపు నుంచి ముందుకు, తక్కువ ధారతో కడగాలి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోయి దారే మూసుకుంటుంది. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసి నడిపే బండికి గొట్టాల లోపల పొర కట్టి ఉంటుంది, దానికి పై గాలి ఎంతిచ్చినా లాభం లేదు. రేడియేటర్ మూత రబ్బరు అరిగినా అంతే. మూత దాదాపు ఒక బార్ ఒత్తిడి నిలిపితే నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు, ఒత్తిడి నిలపకపోతే 100 దగ్గరే మరిగిపోతాయి. రేడియేటర్ పక్కల సందులు మూసే నురుగు పట్టీలు ఊడిపోతే, వేడిగాలి ఆ సందుల్లోంచి ముందుకొచ్చి మళ్లీ రేడియేటర్‌లోకే పోతుంది. చవకలో తేలిపోయే మరమ్మతు ఇది, ఎక్కువమంది చూడనిది కూడా. డ్యాష్‌బోర్డు ముల్లును మాత్రం పూర్తిగా నమ్మకండి. చాలా కొత్త కార్లలో అది మధ్యలోనే నిలబడేలా చేసి ఉంటుంది. ఓబీడీ పరికరం తగిలిస్తే అసలు అంకె కనపడుతుంది.

ఇవన్నీ సరిగా ఉండి, బరువు లాగుతూనో టర్బోతో గట్టిగా తోలుతూనో ఇంకా హీటెక్కుతుంటే అప్పుడు వెంటు గురించి ఆలోచించాలి. చోటును ఊహతో గీసుకోకూడదు. బానెట్ మీద నూలు పోగులు టేపుతో అంటించి, పక్క కారులోంచి చూస్తే గాలి ఎటు పారుతోందో తెలుస్తుంది. రంగు నీళ్లు నింపిన సన్నటి పారదర్శక గొట్టం ఒక కొస బానెట్ కింద, ఇంకో కొస పైన అంటించి నడిపితే ఒత్తిడి తేడా కళ్లముందే కొలవచ్చు. చాలా కార్లలో మంచి చోటు రేడియేటర్‌కు కొంచెం వెనక, బానెట్ ముందు మూడో వంతులో వస్తుంది. బానెట్ అడుగున కనపడే పక్కటెముకల్లాంటి పట్టీలను కొయ్యకూడదు, అవే రేకు బిగువును నిలిపేవి. కోసిన అంచుకు వెంటనే ప్రైమర్ వెయ్యకపోతే కాకినాడ, యానాం ఉప్పుగాలికి తుప్పు పట్టడానికి ఎక్కువ కాలం పట్టదు.

వానదే పెద్ద చిక్కు. 2020 షెల్బీ జీటీ500 బానెట్ మీద పెద్ద వెంటు ఉంది, దాని కింద వాన నీళ్లు పట్టే తొట్టి కూడా ఉంది. రేసు ట్రాక్ మీదికి పోయేటప్పుడే దాన్ని తీస్తారు. తుపాను వానలు పడే మన సీమలో తొట్టి లేని వెంటు పెట్టడమంటే ఆల్టర్నేటర్ మీదా ఇగ్నిషన్ కాయిల్ మీదా నీళ్లు పొయ్యడమే.

చివరిది చట్టం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ కింద, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. పాదచారి తల తగిలితే బానెట్ రేకు వంగి దెబ్బను కొంత మింగాలి, కాబట్టి పదునైన అంచులున్న వెంటు ఎదుటివాళ్ల ప్రాణానికి సంబంధించిన విషయం కూడా. కోయించే ముందు ఆర్టీవో కార్యాలయాన్నీ, బీమా కంపెనీనీ రాతపూర్వకంగా అడగండి. అనుమతి రాకపోతే ఆ డబ్బు రేడియేటర్ సర్వీసుకూ కొత్త మూతకూ పెట్టండి.