లోపం కంపెనీది... తిరుగుడు యజమానిది!

రీకాల్ కబురు అందేది కొందరికే. కాగితం దాచుకున్నవారికే చట్టం అండ

తలుపుల : లక్షలు పోసి కొన్న కారులో లోపం బయటపడితే దానిని బాగుచేయించుకోవడం తలుపుల వంటి మండల కేంద్రాలలోని యజమానులకు పెద్ద ప్రయాసగా ఉంటున్నది. ఇటువంటి చోట్ల కంపెనీ షోరూములు ఉండవు. కదిరికో, అనంతపురానికో, హిందూపురానికో బండి తోలుకొని పోవాలి. ఒకరోజు పని చెడుతుంది, డీజిలు ఖర్చు మీద పడుతుంది. తీరా పోయాక "కొత్త బండి కదా, తిరగ్గా తిరగ్గా అదే సర్దుకుంటుంది" అన్న జవాబు విని వెనుదిరగవలసి వస్తున్నదన్నది కార్ల యజమానుల నోట తరచు వినవచ్చే మాట. రెండోసారి పోతే "మా చేతిలో లేదు, కంపెనీకి రాశాం" అంటారు. కంపెనీకి ఫోను చేస్తే "మీ డీలరును కలవండి" అంటారు. యజమాని పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అవుతున్నది.

సీటు గుడ్డ చిరిగిందనో, రంగు వెలిసిందనో చేసే ఫిర్యాదులైతే సర్దుకుపోవచ్చు. బ్రేకు తొక్కితే బండి పక్కకు లాగడం, నడుస్తూండగా ఇంజను ఆగిపోవడం, వైర్లు కాలిన వాసన రావడం, ఎయిర్‌బ్యాగు హెచ్చరిక దీపం ఆరకుండా వెలుగుతూండడం వంటివి అలా సర్దుకుపోదగినవి కావు. ఇవి బండిలోని వారికే కాక, రోడ్డు పక్కన నడిచిపోయే వారికి కూడా ప్రాణాంతకమైనవి.

ఫ్యాక్టరీ మన జిల్లాలోనే

కార్ల తయారీ ఈ ప్రాంతానికి కొత్త విషయమేమీ కాదు. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కర్మాగారం నెలకొల్పడానికి 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో అక్కడ తయారైన సెల్టోస్ కారు మార్కెట్లోకి వచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యంతో దానిని నిర్మించారు. అక్కడ తయారైన కార్లలో కొన్నింటిని లోపాల అనుమానంతో కంపెనీయే వెనక్కి పిలిచిన సందర్భాలున్నాయి.

2022 అక్టోబరులో ఎయిర్‌బ్యాగులను నియంత్రించే పరికరాన్ని పరీక్షించేందుకు 44,174 కారెన్స్ కార్లను పిలిపించింది. 2023 జూన్‌లో డ్రైవరు ముందుండే మీటర్ల తెర వెలగకుండా పోవచ్చునని 30,297 కారెన్స్ కార్లను పిలిచింది. 2024 ఫిబ్రవరిలో ఆయిలు పంపు కంట్రోలరులో లోపం ఉండవచ్చునని 4,358 పెట్రోలు సెల్టోస్ కార్లను రప్పించింది. ఇతర కంపెనీలదీ ఇదే దారి. మారుతి సుజుకి 2021 సెప్టెంబరులో ఒకేసారి 1,81,754 కార్లను పరీక్షకు పిలిచింది.

దీనినే రీకాల్ అంటారు. రీకాల్ ప్రకటించిన కంపెనీని తప్పు పట్టవలసిన పని లేదు. లోపం కనిపెట్టి, సొంత ఖర్చుతో సరిచేసి ఇవ్వడం మంచి పద్ధతే. లోపాన్ని కప్పిపుచ్చడమే ప్రమాదకరం. అయితే ఈ పిలుపు అందవలసిన వారందరికీ అందుతున్నదా అన్నదే ప్రశ్న.

సెకండ్ హ్యాండ్ కొన్నవారి సంగతి?

రీకాల్ కబురు సాధారణంగా కంపెనీ రికార్డులలో ఉన్న ఫోను నంబరుకు, చిరునామాకు పోతుంది. ఆ రికార్డులలో ఉండేది మొదట కొన్న మనిషి పేరు. పల్లెలలో తిరిగే కార్లలో బెంగళూరులోనో, అనంతపురంలోనో ఒకరు వాడి అమ్మినవి చాలా ఉంటాయి. చేతులు మారిన కారుకు రీకాల్ వస్తే కబురు పాత యజమానికి చేరుతుంది. ఆయన దానిని పట్టించుకోడు. ఇప్పటి యజమానికి సంగతే తెలియదు. లోపమున్న బండి మాత్రం రోడ్డు మీద తిరుగుతూనే ఉంటుంది.

దీనికి మందు యజమాని చేతిలోనే ఉంది. ఆర్.సి.లో 17 అక్షరాలు, అంకెలు కలిసిన చాసిస్ నంబరు ఉంటుంది. పెద్ద కంపెనీల వెబ్‌సైట్లలో ఆ నంబరు కొడితే బండికి రీకాల్ ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. ఏ కంపెనీ సర్వీసు కేంద్రంలోనైనా ఆ నంబరు చెప్పి అడగవచ్చు. బండి కొనగానే ఆర్.సి. తమ పేరుకు మార్పించుకోవడంతోపాటు, కంపెనీ రికార్డులలో కూడా తమ ఫోను నంబరు ఎక్కించుకోవడం ముఖ్యం.

చట్టం ఏమంటున్నది?

2012లో కార్ల తయారీదారుల సంఘం రీకాల్ నియమావళి తెచ్చినా అది స్వచ్ఛందం. పిలిస్తే పిలిచినట్లు, లేకుంటే లేనట్లు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఎ సెక్షను చేర్చారు. బండిలోని వారికి, రోడ్డు మీద పోయే ఇతరులకు హాని కలిగించగల లోపమున్నట్లు తేలితే ఆ రకం బండ్లను వెనక్కి తీసుకోవలసిందిగా ఆదేశించే అధికారం దీనితో కేంద్ర ప్రభుత్వానికి వచ్చింది. అప్పుడు కంపెనీ బండి పూర్తి ఖరీదు తిరిగి ఇవ్వాలి, లేదా వేరే బండి ఇవ్వాలి, లేదా బాగుచేసి ఇవ్వాలి. జరిమానా కూడా కట్టాలి. లోపాన్ని తానే గుర్తించి ముందుగా ప్రభుత్వానికి తెలిపి పిలిచిన కంపెనీకి జరిమానా ఉండదు.

ఈ సెక్షను కింద చేసిన నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఏడేళ్ల లోపు బండ్లకు ఇవి వర్తిస్తాయి. ఏటా అమ్ముడయ్యే సంఖ్యను బట్టి ఎన్ని ఫిర్యాదులు వస్తే విచారణ మొదలుపెట్టాలో నిబంధనలలోనే లెక్క కట్టి ఇచ్చారు. అంటే ఒక్కొక్క ఫిర్యాదూ లెక్కలోకి వస్తుంది. డీలరు కౌంటరు వద్ద నోటిమాటగా మొరపెట్టుకొని ఇంటికి వచ్చేసినవారి ఫిర్యాదు మాత్రం ఏ లెక్కలోకీ రాదు.

డీలరా? కంపెనీయా?

కోర్టుకు పోయేవారు మొదట తేల్చుకోవలసినది ఈ విషయమే. కొత్త కారు అని నమ్మించి డీలరు పాత సంవత్సరపు బండిని అంటగట్టిన ఒక కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కంపెనీ, డీలరు ఎవరి వ్యాపారం వారిదిగా ఉన్నప్పుడు, డీలరు చేసిన మోసం కంపెనీకి తెలుసునని నిరూపించనిదే కంపెనీని బాధ్యురాలిని చేయలేమని అన్నది. అంతకు ముందు 2006లో మరొక కేసులో, ఒక భాగంలో లోపం ఉన్నంత మాత్రాన బండి మొత్తం మార్చి ఇవ్వనక్కరలేదని, వారంటీ షరతుల ప్రకారం ఆ భాగం మార్చి ఇస్తే చాలునని పేర్కొన్నది. కనుక "కొత్త బండి ఇవ్వవలసిందే" అని పట్టుబట్టిన ప్రతి ఒక్కరికీ అది దక్కుతుందని అనుకోరాదు. లోపం తయారీలోదా, సర్వీసులోదా తేలనప్పుడు ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చడమే క్షేమం.

2020 జులై నుంచి అమలులో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం డీలరును కూడా పూర్తిగా వదలలేదు. కంపెనీ పంపిన హెచ్చరికలను కొనుగోలుదారుకు అందజేయకపోయినా, బండిని పరీక్షించడంలో తగిన శ్రద్ధ చూపకపోయినా, దానివల్ల హాని జరిగితే అమ్మినవాడు కూడా పరిహారం ఇచ్చుకోవలసి ఉంటుంది.

తెరుచుకోని ఎయిర్‌బ్యాగు

ఢిల్లీకి చెందిన ఒక వినియోగదారుడు 2015 ఆగస్టులో హ్యుందాయ్ క్రెటా కారు కొన్నారు. 2017 నవంబరులో అది ప్రమాదానికి గురై ముందు భాగం బాగా దెబ్బతిన్నది. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. యజమాని గాయపడ్డారు. బ్యాగు తెరుచుకునేంత బలంగా దెబ్బ తగలలేదన్నది కంపెనీ వాదన. ఢిల్లీ రాష్ట్ర కమిషన్ వైద్యఖర్చులు, ఆదాయ నష్టం కింద 2 లక్షలు, మానసిక వేదనకు 50 వేలు, కోర్టు ఖర్చులకు 50 వేలు ఇవ్వడమే కాక, కారు కూడా మార్చి ఇవ్వాలన్నది. 2022 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు దానిని ఖాయం చేసింది. దెబ్బ వేగమెంతో, బలమెంతో లెక్కలు కట్టి కారు కొనుక్కునేంత నిపుణుడుగా వినియోగదారు ఉండాలనడం కుదరదని స్పష్టం చేసింది.

కారు యజమానులందరికీ ధైర్యమిచ్చే తీర్పు ఇది. అయితే ప్రమాదం నాటి నుంచి ఆఖరి తీర్పు దాకా నాలుగున్నర ఏళ్లు పట్టిందన్న సంగతీ మరువరాదు.

జాబ్ కార్డే ఆధారం

ఇటువంటి కేసులు నిలిచేదీ పడిపోయేదీ కాగితాల మీదనే. సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ జాబ్ కార్డులో లోపాన్ని తమ మాటలలోనే రాయించాలి. "జనరల్ చెకప్" అని రాస్తే సంతకం పెట్టరాదు. రూపాయి తీసుకోకుండా బాగుచేసినా బిల్లు అడిగి తీసుకోవాలి. ఒకే లోపానికి మూడుసార్లు బండి పెట్టినట్లు మూడు జాబ్ కార్డులు ఉంటే అది నోటితో చెప్పే నూరు మాటలకు సమానం. హెచ్చరిక దీపం వెలిగినప్పుడు ఫోనులో ఫోటో తీసి ఉంచాలి. తర్వాత డీలరుకు, కంపెనీకి అందినట్లు ఆధారం ఉండేలా పోస్టులో ఉత్తరం రాయాలి. ప్రమాదం జరిగితే బీమా సర్వేయరు చూడకముందే విప్పదీయించరాదు. బయట వైరింగు కోయించి అదనపు దీపాలు పెట్టించుకుంటే వారంటీకి ఎసరు వస్తుంది.

ఎవరిని ఆశ్రయించాలి?

మొదట 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. చెల్లించిన ధర 50 లక్షల దాకా ఉన్న కేసులను జిల్లా కమిషనే విచారిస్తుంది. కారు బెంగళూరులో కొన్నా, కొన్నవారు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400 రూపాయలు. వకీలు లేకుండా సొంతంగా వాదించుకోవచ్చు. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. వివాదం పుట్టిన రెండేళ్ల లోపున వేయాలి. అవసరమైతే కమిషన్ లోపాన్ని నిపుణుల పరీక్షకు పంపుతుంది.

టాక్సీ తిప్పుకునేవారు తమకు ఈ చట్టం వర్తించదనుకుంటారు. ఇది అపోహ. వ్యాపారం కోసం కొన్న బండ్లకు వర్తించదు గాని, సొంతంగా బండి నడుపుకొని పొట్ట పోసుకునేవారు వినియోగదారులే.

చేయవలసింది

ప్రభుత్వం పెద్ద ఖర్చు పెట్టకుండానే చేయగల పనులు కొన్ని ఉన్నాయి. రీకాల్ అయిన బండ్ల వివరాలను రవాణా శాఖ కార్యాలయాల నోటీసు బోర్డు మీద తెలుగులో అంటించవచ్చు. ఆర్.సి. పేరు మార్చేటప్పుడే ఆ బండికి రీకాల్ పని బాకీ ఉన్నదేమో చూసి కొత్త యజమానికి చెప్పవచ్చు. కంపెనీలు నెలకొకనాడు కదిరిలోనో, తలుపులలోనో పరీక్షా శిబిరం పెడితే చుట్టుపక్కల గ్రామాల వారికి దూరాభారం తప్పుతుంది.

దేశమంతటికీ కార్లు పంపుతున్న జిల్లాలో, తన బండికి రీకాల్ ఉన్నదో లేదో తెలియక ఒక యజమాని పిల్లాపాపలను ఎక్కించుకొని రాత్రివేళ ప్రయాణం చేయవలసి రావడం శోచనీయం. అధికారులు, కంపెనీలు కదిలే లోపు యజమానులు తమ ఆర్.సి. తీసి ఆ 17 అక్షరాలను ఒకసారి సరిచూసుకోవడం మంచిది.