రాలిన గింజ ఎవరిది?

ఇబ్రహీంపట్నం అంటే హైదరాబాదు పక్కనున్నదా, విజయవాడ పక్కనున్నదా అని అడుగుతారు. ఆ రెండూ కాదు. మేము చెప్పేది మెట్‌పల్లికి దగ్గరగా, గోదావరికి ఈవలి ఒడ్డున వున్న ఇబ్రహీంపట్నం. 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల జిల్లా. ఎర్దండి, వేములకుర్తి, గోధూర్, వర్షకొండ, డబ్బ, అమ్మక్కపేట – ఈ వూళ్ల కూలీల మధ్యనే మా తిరుగుడు. వరి, పసుపు, మక్క పండే నేల. కాలువ నీళ్లు, బావుల నీళ్లు కలిపి రెండు కార్లూ వరి వేస్తున్నారు. ఇంత ధాన్యం పండే చోట తిండి కొరత గురించి రాయవలసి వస్తున్నది.

2023 ఏప్రిల్ నెలాఖరున, మే మొదటి రోజుల్లో తెలంగాణ అంతటా అకాల వర్షాలు పడ్డాయి. అట్లాంటి ఒక రాత్రి మేము ఒక కొనుగోలు కేంద్రం దగ్గర వున్నాం. కేంద్రం అంటే గోడలూ కప్పూ వున్నది అనుకునేరు. వూరి బయట ఖాళీ జాగ, ఒక తూకం కాంటా, ఒక తేమ యంత్రం, నాలుగు కుర్చీలు. పది, పన్నెండు రోజుల నుంచి కుప్పలు పోసుకొని రైతులు వరుస కోసం చూస్తున్నారు. గాలి లేచింది. టార్పాలిన్లు సరిపడా లేవు, వున్నవాటికి చిల్లులు. ఒక కౌలు రైతు భార్య తన చీర కొంగు తీసి కుప్ప మీద పరిచింది. హమాలీలు సంచులు అడ్డం వేశారు. తెల్లవారేసరికి కుప్పల కింద నుంచి నీళ్లు కాలువ కట్టి, గింజలు రోడ్డు పక్క గుంతలోకి కొట్టుకుపోయి వున్నాయి. నాలుగో రోజుకు మిగిలిన వడ్లకు తెల్లటి మొలక వచ్చింది.

ఆ తల్లి ఏడ్వలేదు. గుంతలో దిగి చాటతో గింజలు ఎత్తుతున్నది. “అవి తినడానికి గూడ పనికి రావు గదా అక్కా” అన్నాం. “కోళ్లకన్న ఏత్తం తమ్మీ. ఆర్నెల్ల కట్టం, నీళ్లల్ల ఇడిశిపెట్టుమంటవా?” అన్నది.

దీనికి పెద్ద సభల్లో ఒక పేరున్నది – కోతల తర్వాతి నష్టం. వెనుకబడిన దేశాలలో ఈ నష్టాన్ని 1985 నాటికి సగానికి తగ్గించాలని ఐక్యరాజ్యసమితి 1975లోనే తీర్మానం చేసింది. 1985 వచ్చింది, పోయింది. ఇప్పుడు కొత్త గడువు 2030. ప్రపంచంలో పండిన తిండిలో సుమారు 14 శాతం కోతకూ దుకాణానికీ మధ్యనే పోతున్నదని ఆహార వ్యవసాయ సంస్థ 2019లో చెప్పింది. మన దేశంలో లూధియానాలోని కేంద్ర సంస్థ 2015లో ఇచ్చిన లెక్క ప్రకారం వడ్లలో 5.53 శాతం, మామిడిలో 9.16 శాతం, టమాటలో 12.44 శాతం నష్టపోతున్నాం. జగిత్యాల మామిడి మార్కెట్టు పేరు విన్నవాళ్లకు ఆ రెండో అంకె అర్థమవుతుంది. ఒక్క గాలివానకు తోటల కింద కాయ పరుపులా పడి వుంటుంది. ఆడవాళ్లు ఏరి ఒరుగులు కోసి ఎండబెట్టుకున్నంతే దక్కుదల.

ఈ అంకెలతో మాకు పేచీ లేదు. పేచీ ‘నష్టం’ అన్న మాటతోనే. ఎవరికి నష్టం? పోయిన గింజ ఎక్కడికి పోయింది?

మేము చిన్నగా వున్నప్పుడు కోతలు అంటే కొడవళ్లు. మా అమ్మ వంగి కోసేది, పనలు వేసేది. పనలు రెండు మూడు రోజులు పొలంలోనే ఎండేవి. తర్వాత కట్టలు కట్టి, కుప్ప వేసి, తీరిక చూసుకొని కల్లంలో కొట్టేవాళ్లు. ఈ పనిలో గింజ రాలకుండా వుండదు. కోసిన మడిలో వెన్నులు మిగిలేవి. పొలం ఖాళీ కాగానే మేము పిల్లలం, ముసలివాళ్లం గంపలు పట్టుకొని దిగేవాళ్లం. పరిగె ఏరడం అంటే అదే. కల్లం వూడ్చిన తర్వాత మట్టి కలిసిన అడుగు గింజలు కూలీలకు వచ్చేవి. కూలి కూడా గింజలోనే – అడ్డెడో, మానెడో. ఇంట్లో గుమ్మి నిండకపోయినా కాగు నిండేది. వేపాకు వేసి మూత పెడితే పురుగు పట్టేది కాదు. అధికారుల లెక్కలో అది నష్టం కిందికి వచ్చే గింజ. మా ఇంట్లో అది రెండు నెలల తిండి.

పాత రోజులు బంగారం అని మేము అనడం లేదు. ఆ అడుగు గింజల కోసం దొర గడీ ముందు చేతులు కట్టుకొని నిలబడ్డ వాళ్ల మనుమలం మేము. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జైత్రయాత్రకు వేల మంది కదిలింది ఆ నిలబడుడు ఇక చాలని. వెట్టి పోవలసిందే, పోయింది. అయితే వెట్టితో పాటు గింజ కూడా కూలివాని ఇంట్లోంచి పోయింది. దాని బదులు రావలసిన కూలి మాత్రం రాలేదు.

ఇప్పుడు హార్వెస్టర్ వచ్చింది. మిషిను మంచిదా చెడ్డదా అని మమ్మల్ని అడుగుతారు. ఎకరం కోయడానికి పదిహేను మంది నడుము విరుచుకునే పని గంటలో అయిపోతే ఎవరు వద్దంటారు? కానీ మిషినుతో వచ్చిన రెండు సంగతులు ఎవరూ చెప్పడం లేదు. ఒకటి: పనల మీద ఎండవలసిన గింజ ఇప్పుడు పచ్చిగా సంచిలోకి వస్తున్నది. కొనాలంటే తేమ 17 శాతం మించకూడదు. మిషిను కోసిన వడ్లలో చాలాసార్లు 20 పైనే చూపుతుంది. ఆ తేమ ఎక్కడ దిగాలి? పొలంలో కాదు, కల్లం లేదు, కాబట్టి తారు రోడ్డు మీద. రోడ్డు మీద లారీ టైరు కింద నలిగేదీ, రాత్రి వానకు తడిసేదీ, చీకట్లో ఆ కుప్ప తగిలి బండి మీంచి మనిషి పడేదీ అందుకే. రెండు: వూరి పంట అంతా ఒక్క వారంలో కోతకు వచ్చి ఒక్కసారే కేంద్రం మీద పడుతున్నది. కోత వేగం పదింతలు పెరిగింది. ఆరబెట్టే జాగ, తూచే చేతులు, మోసే లారీలు, దించుకునే గోదాములు ఎక్కడివక్కడే వున్నాయి. వర్షకొండలో ఒక పెద్దమ్మ మాతో అన్నది: “మేం కోసినప్పుడు ఎండకే ఎండేది కొడుకా. మిషినొచ్చినంక గింజ పచ్చిగ వత్తంది, రోడ్డుకు పడ్తంది.” నష్టానికి కారణం ఇంతకన్నా సూటిగా చెప్పిన నివేదిక మేము చూడలేదు.

మిషిను వెంట గడ్డి కూడా పోయింది. తుంపులై చెల్లాచెదరుగా పడుతుంది, మోపు కట్టరాదు. కట్టలు చుట్టే యంత్రం రాని చోట అగ్గి పెడుతున్నారు. గడ్డి లేక బర్రెను అమ్ముకున్న ఇళ్లు ఏ వూళ్లోనైనా లెక్కపెట్టవచ్చు. బర్రె పోతే పిల్లల గిన్నెలో పెరుగు పోయింది.

ఇక తరుగు. నలభై కిలోల సంచి అని చెప్పి, గోనె బరువు అని కొంత, తాలు అని కొంత, తేమ అని కొంత ఎక్కువ తూచడం మన పల్లెల్లో తెలియనిది కాదు. సంచికి రెండు కిలోలే అనుకుందాం. మూడు తీసిన చోట్లూ వున్నాయి. ఎకరానికి 24 క్వింటాళ్లు పండితే 60 సంచులు. అరవై రెళ్లు 120 కిలోలు. 2025–26 సీజనుకు ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. అంటే ఎకరానికి 2,867 రూపాయలు తూకంలోనే జారిపోయాయి. అదే బియ్యం చేస్తే 80 కిలోలు. మనిషికి ఆరు కిలోల రేషను చొప్పున నలుగురున్న ఇంటికి మూడు నెలలకు మించిన తిండి.

నలభై కిలోలకు రెండు కిలోలంటే ఎంత? 5 శాతం. లూధియానా వాళ్లు కోత నుంచి అమ్మకం దాకా దారి పొడుగునా లెక్కగట్టిన మొత్తం నష్టం 5.53 శాతం. ఎలుక తిన్నది, పురుగు తిన్నది, వాన తిన్నది, దారిలో కారిపోయినది అంతా కలిపితే ఎంతో, ఒక్క కాంటా దగ్గర అంత పోతున్నది. ఎలుక తిన్నదాన్ని ఎవరూ అమ్ముకోరు. కాంటా తిన్న గింజ ఎవరో అమ్ముకుంటున్నారు. ఏ శాస్త్రవేత్త పట్టికలోనూ దానికి గడి లేదు.

మేము ఒకసారి ఒక మిల్లు దగ్గర ఈ సంగతి అడిగాం. వడ్లు బాగాలేవు, కావాలంటే లారీ వెనక్కి తిప్పుకోండి అన్నారు. రైతు మా చెయ్యి పట్టుకొని పక్కకు లాగాడు. “ఊకో అన్నా, మల్ల కిరాయి ఎవలు కడ్తరు?” ఆ రోజు మేము వూరుకున్నాం. దాచుకోవడం ఎందుకు, ఇప్పటికీ అది మాకు నామర్దాగానే వుంది. మరునాడు అదే రైతు కూలీకి ఇవ్వవలసిన వంద రూపాయలు తగ్గించి ఇచ్చాడు. తరుగు అక్కడితో ఆగదు, కూలివాని దాకా దిగుతుంది.

మిల్లులోపల ఇంకో నష్టం వుంది. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు మిల్లరు ప్రభుత్వానికి అప్పజెప్పాలి. తవుడు, వూక ఆయనవే. బియ్యం ఎంత తెల్లగా వస్తే అంత సత్తువ తవుడులోకి పోయినట్టు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పుట్టిందే ఈ రోగం మీద. 1918లో కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి జబ్బు గురించి విచారించడానికి మొదలైంది, 1958లో హైదరాబాదు వచ్చింది. మర పట్టిన పచ్చి బియ్యమే తినే సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు ఆ జబ్బు వుండేది, వుడకబెట్టి ఆరబెట్టిన బియ్యం తినేవాళ్లకు అంతగా రాలేదు. దంపుడు బియ్యం తిన్న మా అవ్వలకు ఈ పేర్లు తెలియవు. రోకలి పోటుకు చేతులు కాయలు కాచింది మాత్రం తెలుసు. అది మళ్లీ తెమ్మని ఏ ఆడదాన్నీ మేము అడగం. తక్కువ పాలిష్ పట్టడం మిల్లుకు చేతకాని పనేమీ కాదు గదా. 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి బియ్యానికి ఇనుము, విటమిన్లు కలిపి ఇస్తామని ప్రకటించారు. ఆ గింజలు రేషను సంచుల్లో వచ్చినప్పుడు మన ఆడవాళ్లు ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేశారు. ఒక్క అధికారి వాడకట్టుకు వచ్చి చెప్పి వుంటే పారేసేవాళ్లు కాదు.

ఇంత చేసి కంచంలో ఏముంది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలలు దాటిన ఆ పిల్లల్లో 70 శాతానికి రక్తహీనత. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతానికి రక్తహీనత. ధాన్యం కొనుగోళ్లలో రికార్డులు చెప్పుకున్న రాష్ట్రం ఇది. నాట్లు వేసే చేతులవి, కోరుట్లలో, సిరిసిల్లలో బీడీలు చుట్టే చేతులవి – రక్తం లేనివి ఆ చేతులే. అన్నం వుంది. అన్నంలోకి పచ్చిపులుసు వుంది. పప్పు వారానికి ఒకసారి.

పప్పు పొలంలోంచే పోయింది. జొన్న, మక్కల్లో పెసర్లు, బబ్బెర్లు, అనుములు కలిపి చల్లేవాళ్లు. పొద్దున గటుక, రాత్రి రొట్టె, మధ్యలో గుడాలు. కలుపు తీయబోయిన ఆడవాళ్లు కొంగులో గునుగు కూర, పొన్నగంటి కూర మూట కట్టుకొని వచ్చేవాళ్లు. గడ్డిమందు వచ్చి కలుపు కూలీ పోయింది, కూరాకూ పోయింది. ఆ కూరకు ధర లేదు కాబట్టి దాన్ని ఎవరూ నష్టంలో రాయలేదు.

అంగన్‌వాడీలో 2015 నుంచి గర్భిణులకు ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇచ్చే పథకం వచ్చింది. మంచిదే. కానీ నాట్ల నాడు ఆరింటికే ఆటో ఎక్కే బిడ్డ మధ్యాహ్నం అంగన్‌వాడీలో కూర్చొని తినగలదా? కోతల రోజుల్లో ఇంటికి పంపమని అడగాలి. రేషనులో బియ్యంతో పాటు పప్పు, నూనె అడగాలి. కొత్త కోరిక కాదు – 2013లో ‘అమ్మ హస్తం’ పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చారు, కందిపప్పు, నూనె అందులో వున్నవే. అది నిలవలేదు. పసుపు పండే మా వూళ్లకు పసుపు పొట్లం కూడా పంపారు, అది వేరే సంగతి.

కోతల ముందు పంచాయతీలకు మేము పెడుతున్న కోరికలు పెద్దవి కావు. వూరికో సిమెంటు కల్లం కట్టాలి. కుప్పకు సరిపడా టార్పాలిన్లు కేంద్రమే ఇవ్వాలి, అద్దెకు కాదు. తడిసిన ధాన్యం ఉప్పుడు బియ్యానికి పనికొస్తుంది, మొలకెత్తక ముందే ఎత్తుకుపోవాలి. కౌలుదారు పేరు మీదే తూకం చీటీ రాయాలి.

ఈలోగా ఒక పని మన చేతుల్లోనే వుంది. ప్రతి కేంద్రం దగ్గర ఒక నోటుబుక్కు పెడుతున్నాం. తారీఖు, రైతు లేదా కౌలుదారు పేరు, సంచులెన్ని, సంచికి ఎంత తూచారు, తేమ యంత్రం ఎంత చూపింది, మిల్లు దగ్గర మళ్లీ ఎంత కోశారు, ఎన్ని రోజులు కుప్ప మీద పడుకున్నారు – ఈ ఏడు గీతలు. హమాలీలు తూకం చెప్తామన్నారు. రాయడం రానివాళ్లకు బడి పిల్లలు రాసిపెడతారు. నిండిన బుక్కులు మెట్‌పల్లికి తెచ్చి ఇవ్వండి, కలిపి లెక్కగట్టి కలెక్టరు ముందు పెడతాం.